కొమ్ము పిడికి కొత్త కుచ్చు

కోడంబాక్కం సినిమా స్టూడియోల చుట్టుపక్కల పుష్పవల్లి కట్టిన గడ్డం తగిలించుకోని మహర్షి అరుదు. సన్నటి వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకనూ కొక్కెం సూదితో లాగి ముడివేసి విగ్గులు, గడ్డాలు, మీసాలు కట్టడం ఆమె వృత్తి. వసిష్ఠుడికి తెల్లది, విశ్వామిత్రుడికి నల్లది, రాక్షసుడెవరైనా వస్తే ఎర్రది. ఇంతమంది గడ్డాలు ఆమె చేతుల మీదుగా వెళ్లాయి గానీ, గడ్డం గీసుకునే బ్రష్షు ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ పరీక్షగా చూసిన పాపాన పోలేదు. ఆ అవసరం నలభై తొమ్మిదో ఏట, మామగారి కుడిచేతి మూలంగా వచ్చిపడింది.

మామగారి పేరు ఆదికేశవులు. నలభై రెండేళ్లు మేకప్‌మన్‌గా పనిచేసిన మనిషి. పొద్దున నాలుక్కే పెట్టె పుచ్చుకుని ఇల్లు వదిలితే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. పుష్పవల్లి కోడలిగా వచ్చాక ఆమెకు విగ్గుల పని నేర్పించిందీ, యూనియన్ కార్డు ఇప్పించిందీ ఆయనే. అయినా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. ఆయన కూర్చుంటే ఆమె నిలబడేది. ఆయన హాల్లోకి వస్తే ఆమె వంటింట్లోకి వెళ్లేది. భయమేమీ లేదు, ఆ ఇంటి పద్ధతి అది. అలాంటి మనిషి డెబ్బై ఆరో ఏట, జూన్ నెలలో ఒక పొద్దున, కాఫీ గ్లాసు అందుకోబోయి గ్లాసుతో పాటు తానూ కింద పడ్డాడు.

పక్షవాతం. నెల తిరిగేసరికి కాలు కొంత దారికొచ్చింది. మాట ముద్దముద్దగా వచ్చేది, అదీ ఆయనకు అవసరమనిపిస్తేనే. కుడిచెయ్యి ఒక్కటే మొండికేసింది. ఒళ్లో పెడితే ఒళ్లో, దిండు మీద పెడితే దిండు మీద, పెట్టినచోటే ఉండిపోయేది.

వారానికి మూడు రోజులు జెబ అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. నవ్వుమొహం, మొహమాటం తెలియని నోరు. "మొదటి మూడు నెలలే ముఖ్యం అక్కా," అని తొలిరోజే తమిళంలో చెప్పేసింది. "ఆ లోపల వేళ్లు ముడుచుకోవాలి, మణికట్టు తిరగాలి, చెయ్యి పైకి లేవాలి. ఆ తర్వాత అసలు రాదని అనను. కానీ ఇప్పుడు జానెడు వచ్చేచోట అప్పుడు అంగుళం వస్తుంది."

పుష్పవల్లి ఆ రోజే క్యాలెండర్లో, మూడు నెలలు నిండే సెప్టెంబరు పద్దెనిమిది చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది.

జెబ ఒక రబ్బరు బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆదికేశవులు బంతిని చూశాడు, ఆ పిల్లను చూశాడు.

"ఏందిది?"

"దీన్ని నలపాలి తాతా."

"నలిపి?"

జెబ మరుసటిసారి బట్టల క్లిప్పులు తెచ్చింది, ఆ తర్వాత రంగు రంగు చెక్కముక్కలు తెచ్చింది. అన్నిటికీ అదే మర్యాద జరిగింది. జీవితమంతా పని తప్ప ఆట ఎరగని మనిషి, ముసలితనంలో చెక్కముక్కలు పేర్చమంటే పేరుస్తాడా? మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ లెక్కన ఆ ఇంట్లో ఒక మంచమే సింహాసనమైపోయింది. ఏడు వారాలు అలాగే గడిచాయి.

మందులకు సాయం చేస్తామని, ఆయన పాత సభ్యత్వం కార్డు తెమ్మని యూనియన్ ఆఫీసులో అన్నారు. కార్డు ఆయన మేకప్ పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె మీద ఆయన తప్ప ఇంకొకరు చెయ్యి వేసి ఎరగరు. ఆయుధపూజ నాడు కూడా దానికి బొట్టు ఆయనే పెట్టేవాడు. అందుకని పుష్పవల్లి పెట్టెను మంచం మీదికి తెచ్చి, ఆయన కళ్లెదుటే తెరిచింది. పాత పౌడరు వాసన, మీసాలంటించే జిగురు వాసన గుప్పుమన్నాయి. డబ్బాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతుంటే, గుడ్డలో చుట్టిన షేవింగ్ బ్రష్షొకటి గుడ్డ విడి దొర్లుకుంటూ వెళ్లి ఆయన కుడి అరచేతి పక్కన ఆగింది.

వేళ్లు కదిలాయి.

మొదట బొటనవేలు. బ్రష్షు పిడి గేదెకొమ్ముది, నల్లగా నున్నగా ఉంది. ఏళ్ల తరబడి వేలు ఆని ఆని నడుము దగ్గర చిన్న గుంట పడింది. బొటనవేలు వెతుక్కుంటూ వెళ్లి ఆ గుంటలో కూర్చుంది. తక్కిన వేళ్లు ఒకదాని వెంట ఒకటి ముడుచుకున్నాయి. పుష్పవల్లి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన కూడా తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టే చూస్తున్నాడు.

తర్వాత ఆయన చూపు బ్రష్షు కొస మీదికి వెళ్లింది. కుచ్చు సగానికి సగం రాలిపోయి, మిగిలింది ముట్టుకుంటే ఊడొస్తోంది. పక్క మీద నాలుగైదు వెంట్రుకలు రాలి ఉన్నాయి.

"పాడైపొయ్యుండాది," అన్నాడు. వేళ్లు విప్పి బ్రష్షును వదిలేశాడు.

సంగతి విని జెబ గంతులేసినంత పని చేసింది. "ముడుచుకోవడం ఒకటే కాదు, విప్పారు కూడా! దాన్నే రోజూ ఇవ్వండక్కా." ఇచ్చారు. ఆయన పట్టుకోలేదు. కుచ్చు లేని బ్రష్షు ఏంటికని అడిగి గోడవైపు తిరిగాడు.

పుష్పవల్లి భర్త శ్రీకుమార్ డబ్బింగ్ థియేటర్లో సౌండు పని చూస్తాడు. మెత్తటివాడు, ఏ చిక్కునైనా కొత్త వస్తువు కొని తీర్చేద్దామనుకునే రకం. సాయంత్రం వస్తూ వస్తూ కొత్త బ్రష్షు కొనుక్కొచ్చాడు. దాని ప్లాస్టిక్ పిడి తండ్రి చేతిలో పెడితే చేపలా జారిపోయింది. మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లూ జారింది.

"ఆ పాతదాన్నే బాగుచెయ్యాల," అంది పుష్పవల్లి. "కొక్కెం సొట్టపోయిన సూది ఇచ్చి గడ్డం కట్టమంటే నేను కడతానా? మామ చెయ్యి పిడిని ఎరుగుతుంది. పనిముట్టు సరిగ్గా ఉంటేనే లేస్తాది."

"ఎవరు చేస్తారు ఈ కాలంలో?"

"నేను చేస్తా. వెంట్రుకలు కట్టేదే గదా నా పని?"

"ఇంకా ఆరు వారాలే ఉండాది పుష్పా," అన్నాడు శ్రీకుమార్ నెమ్మదిగా.

"తెలుసు. అందుకే మాట్లాడతా కూర్చోబాకండి. ఆ చేతి డ్రిల్లు ఏడుంది?"

కొమ్మును వేడినీళ్లలో వేస్తే వంకర పోతుందని ఆమెకు తెలుసు. విగ్గులు దువ్వే కొమ్ము దువ్వెనలు వాడి నేర్చుకున్న సంగతి అది. కాబట్టి నానబెట్టి లాగే పని పెట్టుకోలేదు. పాత కుచ్చును పిడి అంచుకు సమంగా కోసేసింది. లోపల లక్కతో అంటించిన మొదళ్లు రాయిలా బిగుసుకుని ఉన్నాయి. డ్రిల్లుతో సన్నటి రంధ్రాలు వేసి, సూదితో గోకి, పొడిని ఊది, మళ్లీ గోకింది. రెండు రోజులు పట్టింది. మూడోనాటికి పిడి లోపల బొటనవేలు దూరేటంత గుంట శుభ్రంగా తేలింది. సీరియల్ వాళ్లు నారదుడి జడకోసం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. నారదుణ్ణి ఆగమంది.

ఇక కుచ్చు. పుష్పవల్లి దగ్గర మంచి వెంట్రుకలకు కొరవ లేదు. దేవుడి మొక్కు తలనీలాల్లోంచి ఏరి తెచ్చుకున్న పట్టులాంటి జడలున్నాయి. అందులో మేలైనది తీసి, ముక్కలు చేసి, మైనం పట్టించిన దారంతో బిగించి కట్టి, రెండు ట్యూబుల జిగురు కలిపి గుంటలో నిలబెట్టింది. ఎండాక చూస్తే కళ్లు చెదిరేటంత అందంగా ఉంది. పెళ్లికూతురి జడకుచ్చులా ఉందని మురిసిపోయింది కూడా.

ఆదివారం పొద్దున భర్తను కూర్చోబెట్టి సబ్బు కలిపి పరీక్షకు దిగింది. బ్రష్షు నీళ్లు తాగింది, తాగి తలవాల్చేసింది. తడిసిన మేకతోకలా శ్రీకుమార్ చెంప మీద అటూ ఇటూ జారడమే గానీ నురగన్న మాట లేదు. శ్రీకుమార్ నవ్వాపుకోలేకపోయాడు.

"నవ్వబాకండి!"

"లేదు లేదు. నా బుగ్గకు ఎవరో తలస్నానం చేయిస్తా ఉన్నట్టుండాది."

పుష్పవల్లికి ఒళ్లు మండింది. మంట భర్త మీద కాదు, తన మీదే. తలవెంట్రుక ఒదిగి పడుకోవడానికి పుట్టింది. బ్రష్షు వెంట్రుక నిలబడాలి. ఇరవై నాలుగేళ్లు వెంట్రుకలతో బతికిన మనిషి ఆ ముక్క ముందే ఆలోచించొద్దా? పాత కుచ్చు వెంట్రుకలు కాగితంలో దాచి ఉంచింది. వాటిని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. మొదలు లావుగా బిరుసుగా ఉండి, కొస సన్నబడి రెండుగా చీలి ఉంది. అది మనిషిది కాదు.

యూనియన్ ఆఫీసులో అడిగితే చింతాద్రిపేటలో తిరువేంగడం అని ఒకాయన రంగులేసే బ్రష్షులు కడతాడన్నారు. మర్నాడు కోడంబాక్కంలో లోకల్ రైలెక్కి ఎగ్మోర్‌లో దిగి, ఆటోలో వెళ్లింది. కూవం ఏటి వాసన ఆటో దిగకముందే ఎదురొచ్చింది. సందు చివర వెడల్పాటి అరుగు మీద, సీసాలు కడిగే బ్రష్షుల గుట్టల మధ్య, బనియను వేసుకున్న ఒక సన్నటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. పుష్పవల్లి తమిళంలో మొదలుపెట్టింది. రెండు మాటలకే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలుగులోనే చెప్పమ్మా. మేమూ ఈడి తెలుగోళ్లమే."

ఆయన ఆ పాత వెంట్రుకను గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, "పంది వెంట్రుక. మంచి సరుకు. ఇట్లాంటిది ఇప్పుడు జాస్తి రావటం లే," అన్నాడు. లోపల్నించి కాగితంలో చుట్టిన కట్ట ఒకటి తెచ్చాడు. "ఇది కట్టేటప్పుడు మొదలు ఒకపక్క, కొస ఒకపక్క పెట్టుకోవాల. ఆ కొస..."

"మొదలూ కొసా నాకు తెలీదా అన్నా?" అంది పుష్పవల్లి. "నేను విగ్గులు కట్టేదాన్ని. రెండూ కలిస్తే చిక్కుపడిపోతాది గదా."

తిరువేంగడం ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. "అట్లనా? సరే పో అయితే," అని మళ్లీ సీసా బ్రష్షు అందుకున్నాడు.

పుష్పవల్లి ఇంటికొచ్చి, పాత జిగురు తొలిచి, కొత్త కుచ్చు కట్టింది. ఈసారి కుచ్చు నిలబడింది, గర్వంగా నిలబడింది. కానీ పైభాగం ఎగుడుదిగుడుగా ఉంది. ఏ విగ్గయినా కట్టాక కత్తెర పడితేనే దానికి రూపం వస్తుంది. అది ఆమె చేతికి అచ్చొచ్చిన అలవాటు. పదును కత్తెర తీసి, కొబ్బరిచిప్ప వీపులా గుండ్రంగా, ఒక్క వెంట్రుక పొల్లుపోకుండా కత్తిరించింది. ఇంత చక్కటి క్షవరం ఆమె ఏ హీరోకూ చేయలేదు.

శ్రీకుమార్ మొహం మీద రెండు తిప్పులు తిప్పగానే కెవ్వుమన్నాడు.

"ఇది బ్రష్షా, ఈతముళ్ల చీపురా?"

"ఊరికే అరవబాకండి," అని తన చెంప మీద తానే తిప్పుకుంది. అరవడం న్యాయమే అనిపించింది. చెంప మీద ఎర్రగా గీతలు పడ్డాయి. పలచబడిన ముసలి చర్మం మీద దీన్ని పెట్టడమంటే పాపం మూటగట్టుకోవడమే.

ఆగస్టు అయిపోయింది. మళ్లీ తొలవడానికి కూర్చుంది. జిగురు ఈసారి మరీ గట్టిగా పట్టింది. డ్రిల్లు ఒకచోట జారి టిక్కుమంది. పిడి అంచున వెంట్రుకవాసి బీట కనబడింది. బీట ఇంకొంచెం దిగితే కొమ్ము రెండుగా విచ్చిపోతుంది. పిడి పోతే బొటనవేలి గుంట పోతుంది, గుంట పోతే మామ చెయ్యి పోతుంది. మొదటికే మోసం వచ్చేలా ఉంది. ఆ రోజు ఆమె అన్నం సయించక లేచిపోయింది.

"చాలించరాదా? చేసినకాడికి చేసినావు," అన్నాడు శ్రీకుమార్. నిజంగా జాలిపడే అన్నాడు.

"చాలించేందుకు మొదలుపెట్టలే," అంది పుష్పవల్లి. "నాకు పని నేర్పించిన చెయ్యి అది. నేను చూస్తా ఉండంగా ఎండిపోనియ్యను."

మిగిలిన జిగురును సూదితోనే గోకి తీసి, మర్నాడు పిడి కూడా పట్టుకుని మళ్లీ చింతాద్రిపేట వెళ్లింది. అరుగు ముందు నిలబడి, కత్తిరించిన బ్రష్షు కుచ్చును అరచేతిలో చూపించింది. తిరువేంగడం చేతిలోకి తీసుకోకుండానే గుర్తుపట్టాడు.

"కత్తెర పెట్టినావా?"

"పెట్టినా అన్నా."

"ఆ రోజు ఆ మాటే చెప్పబోయినా. నువ్వు విన్లే."

"ఇప్పుడు వింటా. చెప్పండి." ఆమె చెప్పులు విప్పి, అరుగెక్కి, ఆయన ఎదుట మఠం వేసుకు కూర్చుంది. తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడేంత తీరిక ఆమెకు లేదు.

ముసలాయన మెత్తబడ్డాడు. ఒక కొత్త వెంట్రుక తీసి, దాని కొసను ఆమె కనురెప్ప మీద ఆడించాడు. మెత్తగా ఉంది. దాన్ని నడిమికి కత్తిరించి, తెగిన చోటును మళ్లీ ఆనించాడు. గుచ్చుకుంది. "చూసినావా? మెత్తదనమంతా దేవుడిచ్చిన కొసలోనే ఉండాది. ఆడ కత్తెర తగిలిందంటే మిగిలేది ముల్లే. కోసేదుంటే మొదట్లో కొయ్యి, కొస జోలికి పోబాక."

"మరి గుండ్రంగా రావాలంటే?"

ఆయన నవ్వి, అడుగు గుండ్రంగా తొలిచిన చెక్క గిన్నె ఒకటి తీశాడు. వెంట్రుకల కట్టను కొసలు కిందికి వచ్చేలా అందులో తలకిందులుగా నిలబెట్టి, గిన్నెను నేల మీద టకటకా తట్టాడు. కొసలన్నీ జారి అడుగున సర్దుకున్నాయి. పైకి తీస్తే కుచ్చు దానంతటదే గుండ్రంగా వచ్చింది. పుష్పవల్లి నోరు తెరుచుకుని చూసింది. కత్తెర లేకుండా రూపం తీసుకురావడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఇయ్యి, నేను కట్టేస్తా. అర్ధగంట పని," అన్నాడు తిరువేంగడం.

"వద్దన్నా. ఇంకోసారి రాలితే నాకు కట్టేదానికి తెలియాల. నేను కడతా, మీరు చూడండి."

మొదటి కట్టు వదులైంది. ఆయన వేలితో మీటి, తల అడ్డంగా ఊపాడు. రెండోది బిగుతైంది, కుచ్చు చీపురులా విచ్చుకుంది. మూడోదాన్ని చాలాసేపు చూసి, "ఆఁ, పరవాలే. అయినా ఇప్పు," అన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా విప్పింది. నడుం పీకేస్తోంది, మైనపు దారం కోసి చూపుడువేలు ఎర్రబడింది. నాలుగోది ఆయన చేతిలోకి తీసుకుని తన గరుకు చెంప మీద ఒకసారి తిప్పుకున్నాడు. పిడి అందుకుని, గుంట అడుగున చిన్న బెండుముక్క వేసి, కుచ్చు ఎంత ఎత్తు నిలబడాలో చూపించాడు. బీట మీద సన్నటి దారం చుట్టి జిగురు పూశాడు. ఆ ఒక్క పనీ ఆయన చేతి మీదుగా జరిగింది.

ఆ బ్రష్షుతో శ్రీకుమార్‌కు నురగ పూస్తే, అతను కళ్లు మూసుకుని, "ఇంకాసేపు తిప్పు," అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇంకా వారం రోజులుంది.

మర్నాడు పొద్దున పుష్పవల్లి ఆదికేశవుల్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద అద్దం నిలబెట్టి, గిన్నెలో సబ్బు వేసి, బ్రష్షు చేతికిచ్చింది. ఆయన ముందు కుచ్చు చూశాడు. ఎడమచేతి వేలితో కొసలు మీటాడు. బీట దగ్గర చుట్టిన దారం చూశాడు. "ఎవరు కట్టినారు?" అన్నాడు.

"నేనే మామా."

కుడి బొటనవేలు గుంటలోకి వెళ్లింది. వేళ్లు బిగుసుకున్నాయి. వణుకుతూనే గిన్నెలో నురగ తిప్పాడు. పక్కనే నిలబడి చూస్తున్న జెబ పుష్పవల్లి భుజం గట్టిగా పట్టుకుంది. కానీ అంతే. నురగ పొంగింది, చెయ్యి గిన్నె దగ్గరే ఆగిపోయింది. అద్దంలో తన మొహం కేసి చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి మొహం దాకా లేవలేదు. రెండోనాడూ అంతే.

"పట్టు వచ్చింది, మంచిదే," అంది జెబ. నవ్వు మొహంలో ఈసారి నవ్వు లేదు. "కానీ భుజం లేవాలక్కా. మణికట్టు తిరగాలి. అది రాకపోతే ఈ పట్టు కూడా నిలవదు."

"నాయన ఇంట్లో ఎప్పుడూ ట్యూబు క్రీమే గదా వేళ్లతో పూసుకునేది," అన్నాడు శ్రీకుమార్ పనికి బయల్దేరుతూ. "దీంతో గడ్డం చేసుకోంగా నేనెప్పుడూ చూళ్లే." అలసిపోయిన పుష్పవల్లి ఆ మాట చెవిన వేసుకోలేదు.

మూడోనాడు ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. ఆదికేశవులు నురగ తిప్పాడు. అద్దం వంక చూశాడు. విసుగ్గా ఎడమచెయ్యి చాచి అద్దాన్ని ఒక్క తోపు తోశాడు. బల్ల మీంచి పడబోయిన అద్దాన్ని పుష్పవల్లి ఆఖరి క్షణంలో రెండు చేతులా పట్టుకుంది. దాన్ని గోడకు ఆనించి వచ్చేసరికి ఆమెలో ఇన్నాళ్లూ బిగబట్టిందంతా తెగింది.

"ఏంది మామా మీరు చేసేది?" ఆయన ముందున్న ముక్కాలిపీట మీద కూలబడింది. ఆయనకు సమానంగా ఎదురుగా కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారని కూడా ఆమెకు తోచలేదు. "అయిదు వారాలుగా నా పనంతా మూలబెట్టినాను. ముసలాయన కాళ్లకాడ కూర్చొని నేర్చుకొచ్చినాను. మీకు మీ చెయ్యి వద్దా? వద్దంటే వద్దని చెప్పండి, నేనూ మానేస్తా!" అనేసి, మానేయడం తన వల్ల కాదని తెలిసి భోరున ఏడ్చింది.

ఆదికేశవులు ఆమెను ఏడవనిచ్చాడు. తర్వాత ఎడమచేతి రెండు వేళ్లు ఆమె గడ్డం కింద ఆనించి, మొహం పైకెత్తి, మెల్లగా కిటికీ వైపు తిప్పాడు. పుష్పవల్లి బిక్కచచ్చిపోయింది. ఇరవై నాలుగేళ్లలో ఆయనంతట ఆయన ఆమె మీద వేలు ఆనించింది లేదు. ఆయన చూపు ఆమె కళ్లలోకి లేదు. నుదురు, చెంప, దవడ, వెలుతురు ఎక్కడ పడుతోందో, నీడ ఎక్కడుందో, అదీ ఆయన చూస్తున్నది.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ బ్రష్షు స్నానాలగది అలమరలో లేదు, మేకప్ పెట్టెలో ఉంది. రంగు వేయకముందు హీరోలకు, విలన్లకు, రాజులకు, భటులకు గడ్డాలు గీసిన బ్రష్షు అది. ఆ పిడి పట్టుకుని ఆయన తన మొహం తాకింది ఒక్కనాడూ లేదు. ఆ చెయ్యి నలభై రెండేళ్లు ఎదుటివాళ్ల మొహం కోసమే లేచింది. తాను మూడు రోజులుగా దాని ముందు అద్దం పెట్టి కూర్చుంది.

శ్రీకుమార్ వచ్చేది సాయంత్రానికి. పక్కింటివాళ్లను పిలవొచ్చు. కానీ ఆయన రెండు వేళ్లు ఇంకా ఆమె గడ్డం కిందే ఉన్నాయి, బ్రష్షు మీద పట్టు ఇంకా సడలలేదు. లేచి వెళితే ఈ క్షణం మళ్లీ వస్తుందో రాదో. పుష్పవల్లి ఆయన ఒళ్లోని తువ్వాలు తీసి తన మెడ చుట్టూ కట్టుకుంది. కన్నీళ్లు తుడుచుకుంది. ముక్కాలిపీటను మోకాలు మోకాలు తగిలేంత ముందుకు జరుపుకుని, కళ్లు మూసుకుంది.

"కానీండి మామా. షాట్ రెడీ అంటా ఉండారు."

ఏమీ జరగలేదు. వీధిలో అరటిపళ్ల బండివాడు అరుచుకుంటూ వెళ్లాడు. ఆమె లోలోపల పది దాకా లెక్కపెట్టింది, మళ్లీ మొదలుపెట్టింది. అంతలో గిన్నె అంచుకు పిడి తగిలిన చప్పుడైంది. ఆయన ఊపిరి బరువుగా వినిపించింది. కుర్చీ కిర్రుమంది. చెంప మీద చల్లగా, మెత్తగా, నురగ ఆనింది.

ఆనింది, జారింది, మళ్లీ ఆనింది. వణుకుతూ చిన్న సున్నా చుట్టింది. దాని పక్కన ఇంకొకటి. సబ్బు ముక్కులోకి పోయింది, పెదవి మీద చేదుగా తగిలింది. తుమ్ము వస్తోంది, నవ్వు వస్తోంది, ఏడుపు వస్తోంది. ఏది ముందు బయటపడుతుందో తెలియక ఆమె తల ఇటు తిప్పబోయింది.

"కదలబాకమ్మా," అన్నాడు ఆదికేశవులు. మాట ముద్దగానే వచ్చింది గానీ, మేకప్ గదిలో పెద్ద పెద్దవాళ్లను కూర్చోబెట్టిన గొంతే అది.

ఆమె రాయిలా కూర్చుంది. ఎడమ చెంప నిండింది. చెయ్యి సోలిపోయి ఆయన మోకాలి మీద పడింది. ఇవాళ్టికి ఇంతే, ఇది చాలు, దేవుడా ఇది చాలా ఎక్కువ అనుకుంటూ ఆమె కళ్లు తెరవబోయింది. రెండు వేళ్లు మళ్లీ గడ్డం కిందికి వచ్చాయి. మొహాన్ని రెండో వైపు తిప్పాయి. ఆదికేశవులు ఎవర్నీ సగం మొహంతో సెట్‌లోకి పంపిన మనిషి కాదు. చెయ్యి మోకాలి మీంచి లేచింది, ఎవరూ అడక్కుండా, ఎవరూ పట్టుకోకుండా, ఈసారి ఇంకొంచెం ఎత్తుకు లేచింది.

కుడి చెంప అయింది. పైపెదవి అయింది. ఇక గడ్డం కింద మిగిలి ఉంది. పుష్పవల్లి కళ్లు మూసుకునే మొహం ఇంకాస్త పైకెత్తింది.